పన్నెండు మెట్లెక్కిన పాట

సొరబుర్రలు, వెదురు బొంగు, ఒక తీగ, కాస్త తేనె మైనం... చూడ్డానికి కిన్నెర అంటే ఇంతే! నల్లమల అంచున ఉన్న పల్లె నుంచి ఆ వాద్యం సినిమా పాట దాకా వెళ్లింది. రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లింది. దాన్ని మోసుకెళ్లిన మనిషి మాత్రం మళ్లీ కూలి పనిలో కనిపించాడు. ఎందుకలా?

సినిమా పాటంటే ముందు హీరో పేరు వినిపించాలి. అందులోనూ పవన్ కల్యాణ్ పుట్టినరోజుకి విడుదలయ్యే పాటైతే చెప్పేదేముంది! డప్పులు మోగాలి, ఈలలు పడాలి. 2021 సెప్టెంబరు 2న వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలో ఆ సందడి అంతా ఉంది. కానీ దానికి ముందు ఒక పెద్దాయన గొంతు ఉంది. భుజాన బుర్రల వాద్యం, నెత్తిన తలపాగా. పల్లెయాసలో సాగే ఆ గొంతు విన్నాకే డ్రమ్ములు మొదలవుతాయి. అభిమానులు హీరో కోసం పాట పెట్టుకున్నారు. పెట్టుకున్నాక ‘ఇంతకీ ఎవరీయన?’ అని అడిగారు.

ఆయన దర్శనం మొగులయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. 2016లో జిల్లాల విభజనకు ముందు అది మహబూబ్‌నగర్ జిల్లా. జనం నోట్లో ఎప్పటికీ పాలమూరే. ఆ పాట కన్నా ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆయన ఊరూరా తిరిగి పాడుతున్నారు. 2015 ఉగాదికి తెలంగాణ ప్రభుత్వం ఆయన్ని పిలిచి సత్కరించింది కూడా. అయినా ఊళ్లు దాటి ఆ పేరు తెలిసింది మాత్రం సినిమా పాటతోనే. ఏళ్ల తరబడి చేసిన సాధన ఒక ఎత్తు, ఆ కొద్ది క్షణాలు మరొక ఎత్తు!

పుట్టుక చెప్పి, పేరు చెప్పి...

ఆ పాటకు సంగీతం తమన్. రాసింది రామజోగయ్య శాస్త్రి. తమన్‌తో పాటు శ్రీకృష్ణ, పృథ్వీచంద్ర, రామ్ మిరియాల గొంతు కలిపారు. రామ్ మిరియాల అంటే హైదరాబాద్‌లో ‘చౌరస్తా’ బ్యాండుతో పేరు తెచ్చుకున్న కుర్రాడు. గిటార్ పట్టుకుని తన పాట తనే కట్టి, తనే పాడే తరం ఆయనది. చిత్రమేమిటంటే, అదే పాటలో ఉన్న మొగులయ్యదీ అదే పద్ధతి. పాట తనదే, గొంతు తనదే, వాద్యమూ తనదే. పాశ్చాత్య దేశాల్లో రాక్ సంగీతం పుణ్యమా అని ఇలాంటివారికి పెద్ద గౌరవం దక్కింది. మన పల్లెల్లో వాళ్లు వాకిలి ముందు నిలబడి పాడి, చాటెడు గింజలు తీసుకుని వెళ్లిపోయేవారు. అంతే తేడా!

పాట మొదట్లో మొగులయ్య చేసిందేమిటో గమనించారా? హీరో పుట్టిన తావు, తల్లీతండ్రీ, తాతముత్తాతలను వరసగా చెప్పి చివరికి పేరు దగ్గర ఆగుతారు. ఇది సినిమా కోసం కొత్తగా పుట్టిన తరహా కాదు. వీరుల కథ చెప్పే జానపద గాయకుడు ఎవరైనా ముందు వంశం చెబుతాడు. వినేవాళ్లకు మనిషి కన్నా ముందు ఆ మనిషి ఊరూ పేరూ తెలియాలి. అప్పుడే ‘మనోడే’ అనిపిస్తుంది. కిన్నెర మీద ఇలాగే పండుగ సాయన్న కథ వినిపిస్తుంది, మియాసాబ్ కథ వినిపిస్తుంది. ఉన్నవాళ్ల దగ్గర లాక్కుని లేనివాళ్లకు పంచిపెట్టిన వీరుడిగా పాలమూరు జనం సాయన్నను ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ వీరుల వరసలోకి ఒక సినిమా పోలీసు పాత్రను తెచ్చి నిలబెట్టడమే ఆ పాట చేసిన పని. అది పండింది.

ఈ ఆలోచనకు దారి వేసింది మలయాళం. ‘భీమ్లా నాయక్’కు మాతృక 2020లో వచ్చిన ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’. అందులో పాలక్కాడ్ జిల్లా అట్టప్పాడికి చెందిన ఇరుళ ఆదివాసీ మహిళ నంజమ్మ పాడారు. మేకలు కాచుకుంటూ పాడుకునే గొంతు అది. ఆ సినిమాకే ఆమె ఉత్తమ గాయనిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. తెలుగులోకి వచ్చేసరికి దర్శకుడు సాగర్ కె. చంద్ర, తమన్ బృందం ఇక్కడి నేల గొంతులు వెతుక్కున్నారు. నల్లమల నుంచి మొగులయ్య, మంచిర్యాల వైపు నుంచి కుమ్మరి దుర్గవ్వ. అదే సినిమాలో అడవితల్లి పాటకు సాహితి చాగంటితో కలిసి గొంతిచ్చింది ఈ దుర్గవ్వే.

బుర్రలో దాగిన చరిత్ర

కిన్నెరను దగ్గరగా చూస్తే అందులో దుకాణంలో కొన్న వస్తువు పెద్దగా కనిపించదు. ఎండిన సొరబుర్రలు గుల్ల చేసి వెదురు బొంగుకు కడతారు. శబ్దం ఊరేది ఆ బుర్రల్లోనే. బొంగు మీద మెట్లు నిలబెట్టి తేనె మైనంతో అతికిస్తారు. తీగ మీద వేలు జరిగినప్పుడు ఏ స్వరం పలకాలో చెప్పేవి ఈ మెట్లే. పూర్వం వాటికి అలుగు పెంకులు వాడేవారు. చీమల్ని తిని బతికే అలుగు ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యంత రక్షణ ఉన్న జంతువు. కాబట్టి ఆ పాత పద్ధతికి ఇక దారి లేదు, ఉండకూడదు కూడా. వాద్యం బతకాలంటే పాటతో పాటు దాని సామానూ కాలానికి తగ్గట్టు మారాల్సిందే.

మొగులయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. మెట్లు పెరిగేకొద్దీ స్వరాలు పెరుగుతాయి, వాయించడం కష్టమవుతుంది. మైనం మీద నిలిచిన మెట్టు ఎండకు మెత్తబడి పక్కకు జరిగితే సుతి తప్పుతుంది. దాన్ని మళ్లీ ఎక్కడ నిలబెట్టాలో చెప్పే కొలబద్ద ఏదీ లేదు. చెవే కొలత. ఆ చెవి తండ్రి నుంచి కొడుక్కి రావాల్సిందే. పుస్తకం చదివితే వచ్చేది కాదు.

పేరు మాత్రం చాలా పాతది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీత రత్నాకరం’లో కిన్నరి వీణల వర్ణన ఉంది. అదే శతాబ్దపు తెలుగు కవి పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ చెప్పాడు. కిన్నెర వాయించి శివుణ్ని మెప్పించినవాడు కాబట్టి ఆయనకు ఆ పేరు. అంటే ఏడొందల ఏళ్ల కిందటే ఈ వాద్యం తెలుగువాళ్లకు ఎరుకే.

శాస్త్రాల్లో చోటున్న వాద్యానికి ఊళ్లో చోటు లేకపోయింది! తెలంగాణలో కిన్నెరను కాపాడుకొచ్చింది దక్కలి వాళ్లు. మాదిగలను ఆశ్రయించి, వాళ్లకు జాంబ పురాణం చెప్పి, వాళ్లు పెట్టింది తిని బతికిన సంచార కులం. అంటరానివాళ్లన్న ముద్ర పడ్డవాళ్లకు కూడా అంటరానివాళ్లుగా బతికారు. ఊరి బయట గుడిసె, ఇవాళ ఈ ఊరు, రేపు మరో ఊరు. ఇది తలుచుకుని ‘ఆహా, ఆ రోజులే వేరు’ అని మురిసిపోవడానికి ఏమీ లేదు. కాకపోతే ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఏర్పాటులో అవమానం ఎంత ఉన్నా పంట చేతికొచ్చినప్పుడు గింజ దొరికేది. పాడేవాడికి ఏడాదికేడాది వచ్చే ఆదరువు అది. పల్లెల్లో టీవీ వచ్చాక, వ్యవసాయం దెబ్బతిన్నాక, జనమే వలస పోయాక ఆ గింజా ఆగిపోయింది. అవమానం పోలేదు, ఆదరువు పోయింది!

స్టూడియో తలుపు తెరిస్తే...

ఊళ్లో కథ చెప్పే గాయకుడికి గడియారంతో పనిలేదు. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే వినేవాళ్ల ఉత్సాహాన్ని బట్టి కథ సాగుతుంది. ముసలమ్మ కళ్లొత్తుకుంటే ఆ ఘట్టం ఇంకాస్త సాగదీస్తాడు. పిల్లలు కునుకుతుంటే గొంతు పెంచుతాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లే ఆయనకు తాళం.

స్టూడియోలో ఎదురుగా ఎవరూ ఉండరు. అద్దం అవతల సౌండ్ ఇంజినీరు, చెవుల్లో హెడ్‌ఫోన్లు, అందులో టక్ టక్ మంటూ ఒకే వేగంతో కొట్టుకునే తాళం. ఆధునిక రికార్డింగులో గొంతులూ వాద్యాలూ వేర్వేరుగా పట్టి తర్వాత కలుపుతారు. అన్నీ అతికినట్టు కలవాలంటే అందరూ ఆ టక్ టక్‌కు లోబడాలి. జానపద గాయకుడు ఊపిరిని బట్టి పాడతాడు, కథను బట్టి ఆగుతాడు. అందుకే ఇలాంటి గొంతులతో పాట చేసే సంగీత దర్శకులు సాధారణంగా రెండు దార్లలో ఒకటి ఎంచుకుంటారు. ఒకటి, గాయకుణ్ని తాళానికి కట్టేయడం. రెండోది, ఆయన పాడేంతసేపూ తాళాన్ని ఆపేయడం. ‘భీమ్లా నాయక్’లో వినిపించేది ఈ రెండో దారే. ముందు ఆయన పాడుకుంటూ పోతారు, ఆ తర్వాతే డ్రమ్ముల హోరు. అందుకే ఆ గొంతులో ఊరి గాలి చెక్కు చెదరలేదు.

ఇది చిన్న విషయమేం కాదు. నంజమ్మకు 2022లో పురస్కారం ప్రకటించినప్పుడు కొందరు సంగీతకారులు అభ్యంతరం చెప్పారు. సుతి ఇస్తే దానికి తగ్గట్టు ఆమె ఏ పాటైనా పాడగలరా, ఏళ్ల తరబడి సంగీతమే జీవితంగా సాధన చేసినవాళ్ల మాటేమిటి అన్నది వాళ్ల ప్రశ్న. ఆమె గుండెలోంచి పాడిన పాటకు మరెన్నేళ్లు సాధన చేసినా సాటిరాదని ఆమె వైపు నిలిచినవాళ్లూ గట్టిగానే జవాబిచ్చారు. నిజానికి ఆ గొడవలో మరుగున పడిన మాట ఒకటుంది. స్టూడియోకు తగ్గట్టు పాడటం ఒక విద్య. స్టూడియో లేకుండా వందల పంక్తుల కథను గుర్తుంచుకుని, వాద్యం వాయిస్తూ, జనాన్ని కట్టిపడేయడం మరో విద్య. మొదటిదానికి మార్కులు వేసే పద్ధతి మన దగ్గరుంది. రెండోదానికి ఇంకా లేదు.

స్టూడియో ఇచ్చేది ఏమిటో, ఇవ్వనిదేమిటో కూడా ఇక్కడే తేలుతుంది. అది గొంతును దాస్తుంది. కానీ రాత్రంతా సాగే కథలోంచి నిమిషమో, అంతకన్నా తక్కువో దాస్తుంది. ఆ నిమిషం కోట్ల మందికి చేరుతుంది. మిగతా కథ మొగులయ్య దగ్గరే ఉండిపోతుంది.

చప్పట్లు, చెక్కు, పతకం

పాట వచ్చాక ఏం జరిగిందో అందరికీ గుర్తే. ఫోన్లలో, బస్సుల్లో, పెళ్లి ఊరేగింపుల్లో అదే పాట. మొగులయ్యకు పవన్ కల్యాణ్ తన ట్రస్టు తరఫున 2 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. ఆర్టీసీ బస్సు గొప్పతనం మీద ఆయన కిన్నెరతో పాట కడితే సంస్థ ఉచిత బస్ పాస్ ఇచ్చి గౌరవించింది. ఊరూరా తిరిగి పాడే మనిషికి ఇంతకన్నా పనికొచ్చే బహుమతి ఏముంటుంది!

2022 జనవరి 25న పద్మ పురస్కారాల జాబితా వచ్చింది. అందులో దర్శనం మొగులయ్య పేరుంది. తెలంగాణ నుంచి అదే జాబితాలో మణుగూరు వైపు కోయ కళాకారుడు, కంచుమేళం డోలి వాయించే సకిని రామచంద్రయ్య పేరూ ఉంది. నాలుగు రోజులు తిరక్కుండానే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మొగులయ్యకు కోటి రూపాయల నగదు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ప్రకటించారు. మార్చిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా పద్మశ్రీ అందింది. అంతకు ముందు నెలలోనే, ఫిబ్రవరి 25న సినిమా థియేటర్లకు వచ్చింది. ఏడు నెలల్లో ఇన్ని! కథ ఇక్కడితో ఆపేస్తే చక్కటి సినిమా ముగింపు.

కానీ బతుకు సినిమా కాదు కదా. 2024 మే మొదటి వారంలో ఒక వార్త వచ్చింది. హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో ఒక భవన నిర్మాణం దగ్గర పద్మశ్రీ మొగులయ్య కూలి పని చేస్తున్నారు! వచ్చిన డబ్బు కుటుంబ అవసరాలకు, ఇంటికి ఖర్చయిందని, నెలనెలా అందే 10 వేల రూపాయల గౌరవ వేతనం ఆగిందని, పని దొరకడం లేదని ఆయన చెప్పుకున్నారు. వార్త చూసి అయ్యో అన్నవాళ్లు ఎందరో. నాయకులు స్పందించారు, సాయానికి ముందుకొచ్చారు. అదే ఏడాది హయత్‌నగర్ దగ్గర ఇంటి స్థలం పత్రాలను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆయనకు అందజేశారు.

పాలమూరు వాళ్లకు ఈ వార్తలో ఆశ్చర్యం కన్నా బాధే ఎక్కువ కలిగి ఉంటుంది. దేశంలో ఏ ప్రాజెక్టు కట్టినా, ఏ కాలువ తవ్వినా ‘పాలమూరు లేబర్’ అన్న మాట వినిపించేది. పొలం ఎండినప్పుడు తట్టా పారా పట్టుకుని బయల్దేరడం ఆ నేలకు తరతరాల అలవాటు. ఆ దారి పద్మశ్రీని కూడా వదల్లేదు!

‘కోటి ఇస్తే ఏం చేసుకున్నాడు?’ అని అడిగినవాళ్లూ లేకపోలేదు. ఆ ప్రశ్నకు ముందు మరో ప్రశ్న వేసుకోవాలి. ఉద్యోగికి జీతం ఒకేసారి ఇచ్చి ముప్పై ఏళ్లు పని చేయించుకుంటే ఎన్నాళ్లు సరిపెట్టుకోగలడు? పొదుపు, పింఛను, బీమా ఏవీ లేని సంచార కుటుంబంలో ఏళ్ల తరబడి పేరుకున్న అవసరాలు ఒక్క చెక్కు కోసం ఎదురుచూస్తుంటాయి. వానంతా ఒక్కరోజే కురిస్తే చెరువు నిండదు, గట్టు తెగుతుంది.

ఇంతకీ పాట ఎవరిది?

ఊరి పాట సినిమాకెక్కడం కొత్త కాదు. 1979 నాటి ‘మా భూమి’లో నల్గొండ జిల్లా సాయుధ పోరాటపు పాటలు వినిపించాయి. సుద్దాల హనుమంతు కట్టిన పాట, బండి యాదగిరి కట్టిన పాట ఆ సినిమాతో రాష్ట్రమంతా పాకాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలోనే తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాట 2002లో ‘కుబుసం’ సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ గొంతులో వచ్చి ఊళ్లను ఏడిపించింది. వెంకన్న ఆ తర్వాత ఎమ్మెల్సీ అయ్యారు, ‘వల్లంకి తాళం’ పుస్తకానికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఈ పాటలన్నింటికీ ఒక మేలు జరిగింది. కట్టినవాడి పేరు కాగితం మీద ఉంది.

కిన్నెర కథలకు ఆ సౌకర్యం లేదు. పండుగ సాయన్న కథ ఎవరు కట్టారు? ఏ తాత కట్టాడో, ఏ ముత్తాత పెంచాడో! మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు రచనకు రక్షణ ఇస్తుంది. ఆ లెక్కకు ముందు రచయిత అనేవాడు ఒకడు పేరుతో సహా ఉండాలి. ఊరుమ్మడి పాటకు, తరాల వరసకు అందులో గడి లేదు. తాతల మెట్టును ఎవరైనా తీసుకుని తమ పేరు రాసుకోవచ్చు. తాత మనవడు అడగడానికి కాగితం చూపలేడు.

గాయకుడికి మాత్రం 2012లో ఒక తలుపు తెరుచుకుంది. ఆ ఏడాది చట్టానికి చేసిన సవరణతో పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు, పాడినవాళ్లకు రాయల్టీ హక్కు గట్టిపడింది. అంటే పాటను వ్యాపారానికి వాడుకున్నప్పుడు అందులో పాడినవాడికీ వాటా రావాలి. ఆ వాటా వసూలు చేసి పంచడానికి 2013లో పేరున్న గాయకులంతా కలిసి ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. మంచిదే. కానీ ఆ ఫలం అందాలంటే సంఘంలో చేరాలి, ఒప్పంద పత్రం చదువుకోవాలి, ఏ పాట ఎక్కడ మోగిందో లెక్క తెలియాలి. అవుసలికుంట లాంటి ఊళ్ల నుంచి వచ్చే గాయకుడికి ఇవన్నీ ఎవరు చెబుతారు? రికార్డింగు రోజు ఇచ్చిన డబ్బే మొదటిదీ, చివరిదీ అనుకుని వెళ్లిపోయే జానపద కళాకారులు ఎందరో!

ఇదంతా మన దగ్గరే అనుకోనక్కర్లేదు. అమెరికాలోని మిసిసిపీకి చెందిన నల్లజాతి గాయకుడు రాబర్ట్ జాన్సన్ సంగతి చూడండి. గిటార్ భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పాడుకునేవాడు. 1936 నవంబరులో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక హోటల్ గదినే స్టూడియోగా మార్చి ఆయన పాటలు పట్టారు. మరుసటి ఏడాది జూన్‌లో డల్లాస్‌లో ఇంకొన్ని. మొత్తం 29 పాటలు. 1938లో ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. 1961లో కొలంబియా కంపెనీ ఆ పాటల్లో కొన్నిటిని లాంగ్‌ప్లే రికార్డుగా తెచ్చింది. అది విని బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, కీత్ రిచర్డ్స్ లాంటివాళ్లు మంత్రముగ్ధులయ్యారు. రాక్ సంగీతం నడక మీదే ఆ ప్రభావం పడింది. 1990లో అన్ని పాటలూ కలిపి విడుదల చేస్తే పది లక్షల పైనే అమ్ముడయ్యాయి. పాడినవాడు అప్పటికి అర శతాబ్దం కిందటే మట్టిలో కలిసిపోయాడు! రికార్డు పాటను బతికిస్తుంది. పాడేవాణ్ని బతికించడం దాని పని కాదు. ఆ పని మనుషులు చేయాలి.

మన దగ్గర ఆ తేడా ఎంత తొందరగా కళ్లకు కడుతుందో చెప్పే మరో కథ ఉంది. పేరు దగ్గరగా ఉండటంతో కొందరు ఇద్దరినీ ఒకరే అనుకుంటారు కానీ ‘బలగం’ మొగిలయ్య వేరు. ఆయన వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారుడు పస్తం మొగిలయ్య. భార్య కొమురమ్మతో కలిసి 2023లో వచ్చిన ‘బలగం’ చివరి ఘట్టంలో పాడి థియేటర్లను ఏడిపించారు. ఆ పాట విని విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయారని వార్తలొచ్చాయి. రెండేళ్లు తిరక్కుండానే, 2024 డిసెంబరు 19న కిడ్నీ జబ్బుతో ఆయన కన్నుమూశారు. పద్మశ్రీ సకిని రామచంద్రయ్య కూడా అదే ఏడాది జూన్‌లో వెళ్లిపోయారు.

ఇక మిగిలిందేమిటి?

ఆశ పెట్టుకోదగ్గ పని జరగడం లేదని కాదు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, పాలమూరు విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య గూడూరు మనోజ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పల్లెలు తిరిగి మరుగున పడుతున్న వాద్యాలను, కళాకారులను వెలుగులోకి తెచ్చారు. ‘ఆది ధ్వని’ పేరుతో వాటిని ప్రదర్శనకు పెట్టారు. మొగులయ్య పేరు సినిమావాళ్లకు తెలియక ముందే ఇలాంటివాళ్లకు తెలుసు. తెలంగాణ పాఠ్యపుస్తకంలోకీ కిన్నెర ఎక్కింది. 2024లో పద్మశ్రీ మళ్లీ పాలమూరు గడప తొక్కింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద నుంచి బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు ఆ గౌరవం దక్కింది. అదీ బుర్రా వెదురూ కలిసిన వాద్యమే. ఒకే పాత జిల్లా నుంచి, రెండేళ్ల తేడాతో, రెండు బుర్ర వాద్యాలకు పద్మశ్రీలు! ఆ నేలలో ఎంత దాగి ఉందో దీన్నిబట్టే తెలుస్తోంది.

గౌరవాలు వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది... ‘చిట్టచివరి కళాకారుడు’ అని. చదవడానికి బరువుగా, అందంగా ఉంటుంది. కానీ ఆ మాటలో పెద్ద అపాయం ఉంది. చివరివాడు అన్నాక ఆయన్ని చూసి చప్పట్లు కొట్టడమే తప్ప ఆయన తర్వాత ఎవరన్న ఆలోచన రాదు. కిన్నెర నేర్చుకుంటే తిండి దొరుకుతుందన్న నమ్మకం ఉంటే పిల్లలు నేర్చుకుంటారు. తండ్రి పద్మశ్రీ పతకం తెచ్చి కూలికి వెళ్లడం చూసిన ఇంట్లో ఏ పిల్లాడు ఆ బుర్రలు భుజానికెత్తుకుంటాడు?

అందుకని ఒక్కసారిచ్చే కోటి కన్నా నెలనెలా తప్పకుండా వచ్చే పదివేలే కళకు ఎక్కువ మేలు చేస్తుంది. ప్రభుత్వాలు మారినా ఆగని పింఛను, శిష్యుడికి నేర్పితే గురువుకు జీతం, నేర్చుకునే పిల్లాడికి ఉపకార వేతనం... ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. సినిమావాళ్లు జానపద గాయకుణ్ని పిలిచినప్పుడు ఒప్పంద పత్రాన్ని తెలుగులో రాసి, చదివి వినిపించి, గాయకుల సంఘంలో పేరు నమోదు చేయించి పంపితే అదే పెద్ద సన్మానం. శాలువా కన్నా వెచ్చగా ఉంటుంది!

మనవంతు కూడా కొంత ఉంది. ఊళ్లో జాతర జరుగుతుంది. బడిలో వార్షికోత్సవం జరుగుతుంది. అపార్టుమెంట్లో బతుకమ్మ, దసరా, సంక్రాంతి వేడుకలు జరుగుతాయి. డీజేకు వేలకు వేలు పోస్తాం. అందులో సగం పక్కన పెట్టి మీ జిల్లాలోని ఒక కిన్నెరనో, బుర్రవీణనో, ఒగ్గు కథనో పిలవండి. ఇస్తామన్న డబ్బు ఇస్తామన్న రోజునే ఇవ్వండి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. పండుగ సాయన్న కథ సగంలో ఉండగా సెల్‌ఫోను తీసి వీడియో పట్టడం కాసేపు ఆపి, మిగతా సగం చెవులతో వినండి. సినిమా పాటలో నిమిషం కూడా దక్కని కథ మొత్తం అప్పుడు మీకు దక్కుతుంది. పాడినవాడికి ఆ పూట సంపాదనా దక్కుతుంది.